గోడ మీద వీపు

నా చిన్నప్పుడు మా కమ్మరి వీధిలో కోళ్ళు కూడా తాళం తప్పకుండా నడిచేవి. పొద్దున్నే కొలిముల దగ్గర సుత్తి దెబ్బలు మొదలయ్యేసరికి పెంటకుప్ప మీది పుంజు ఒక దెబ్బకి కుడికాలు, ఇంకో దెబ్బకి ఎడమకాలు వేసుకుంటూ వీధిలోకి దిగేది. మీరు నమ్మకపోతే నాకేం నష్టం లేదు. ఆ పుంజు పొరపాటున కూచిపూడి వెళ్ళి ఉంటే ఈపాటికి గజ్జెలు కట్టి ఆడించేవారని మా తాతయ్య ఎవరి దగ్గరైనా ఒట్టేసి చెప్పేవాడు. మా ఇంట్లో అబద్ధం పుట్టదు, కాస్త పెరుగుతుంది, అంతే.

మా ఊరు హనుమాన్ జంక్షన్‌కి ఇవతల, కాలవ గట్టు పక్కన. చుట్టుపక్కల పల్లెల్లో ఏ రైతు చేతిలో కొడవలి మెరిసినా, ఏ బండి చక్రానికి ఇనప పట్టా బిగిసినా అది మా వీధిలో కాగిన ఇనుమే. కొల్లేటి వాళ్ళు పడవలకి మేకులు మా దగ్గరే కొట్టించుకునేవారు. మా వీధి మేకు పడ్డ పడవ మునగాలన్నా మొహమాటపడుతుందని చెప్పుకునేవాళ్ళం. కానీ నేను చెబుతున్నది డెబ్బైల నాటి మాట. అప్పటికే రబ్బరు టైర్ల బళ్ళు దిగాయి. కొడవళ్ళు బెజవాడ కొట్లలో కట్టలు కట్టి వేలాడుతున్నాయి. మా నాన్న కూడా కొలిమి వదిలి బెజవాడలో బస్సులు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు.

తాతయ్య మాత్రం మానలేదు. ఏళ్ళ తరబడి నిప్పుల్లోకి చూసి చూసి ఆయన కళ్ళు మసకబారాయి. ఇనుము కాగి మోదుగుపూవు రంగుకి వచ్చిందో లేదో మా మేనత్త చెబితే, ఆయన పట్టుకారుతో తీసి దాగలి మీద పెట్టేవాడు. దాగలి అంటే దెబ్బలు తినడానికే పుట్టిన ఇనప దిమ్మ. చిన్న సుత్తితో ఆయన ఎక్కడ టక్కుమనిపిస్తే అక్కడ సమ్మెట దెబ్బ పడాలి. సమ్మెట రెండు చేతులతో ఎత్తే బరువైన పెద్ద సుత్తి. నాన్న వెళ్ళిపోయాక ఆ సమ్మెట ఎత్తింది మా మేనత్తే. మావయ్య లారీ తోలుకుంటూ కలకత్తా రోడ్డు పట్టుకుని పోయేవాడు కాబట్టి అత్త మా ఇంట్లోనే ఉండేది. తాతయ్య పాత చొక్కా పైన తొడుక్కుని, చీర పంచెలా బిగించి, తలకి తువ్వాలు చుట్టి ఆవిడ సమ్మెట ఎత్తితే పెరట్లో గాలి దిశ మారేది. నేను కొలిమికి గాలి ఊదే తోలు తిత్తి లాగేదాన్ని.

ఆడది సమ్మెట పట్టడం మా వీధిలో చెప్పుకునే సంగతి కాదు. అందుకే మా కొలిమికి వీధివైపు తాటాకు తడిక ఉండేది. ఆ దెబ్బలు ఎవరివో అందరికీ తెలుసు, కళ్ళతో చూసినవాళ్ళు లేరు. తెలిసినా తెలియనట్టుండడం మా వీధి మర్యాద.

వీధి మొదట్లో రైసుమిల్లు ప్రహరీగోడ ఉండేది. పిడకలూ ఎన్నికల గుర్తులూ తప్ప దాని మీద ఎప్పుడూ ఏమీ కనపడేది కాదు. ఒకరోజు మిల్లు కామందు గారు మా తాతయ్య మంచం దగ్గరికి వచ్చి, గోడకి సున్నం కొట్టిస్తున్నాననీ, దాని మీద కమ్మరి వీధి గొప్పతనం నిలువెత్తు బొమ్మగా వేయిస్తే బస్సు దిగిన ప్రతివాడికీ కనపడుతుందనీ చెప్పారు. వాళ్ళ నాన్నగారి కాలంలో మిల్లు ఇరుసు విరిగితే మా వీధివాళ్ళే అతికి నిలబెట్టారట, ఆ విశ్వాసం. అయితే సబ్బుల కంపెనీ మనిషి కూడా ఆ గోడ కోసం తిరుగుతున్నాడనీ, దసరా నాటికి బొమ్మ తేలకపోతే గోడ సబ్బుకి ఇచ్చేయక తప్పదనీ మెల్లగా అన్నారు.

తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. చూపు ఇంక ఎంతో కాలం నిలవదని బెజవాడ కంటి డాక్టరు గారు అప్పటికే చెప్పేశారు. చూపుండగానే మన కొలిమి ఒకచోట చెదరకుండా నిలబడి ఉండగా చూడాలి అన్నాడు తాతయ్య. అంతే, ఇంకేమీ అడగలేదు. ఎప్పుడూ కోళ్ళ గురించి, పడవల గురించి కోతలు కోసే మనిషి అంత చిన్న మాట అనేసరికి నాకు భయం వేసింది.

బెజవాడ గవర్నర్‌పేట నుంచి సినిమా హాళ్ళకి బొమ్మలు వేసే పెయింటరు గారు దిగారు. ఆయన దిగడం కాదు, జాతర దిగింది. రిక్షా నిండా రంగు డబ్బాలు, దారం ఉండలు, చీపురంత కుంచెలు. గోడ పొడవునా వెదురు పరంజా లేచింది. సుద్ద రాసిన దారం లాగి వదులుతుంటే గోడ మీద టపటపా గళ్ళు పడ్డాయి. ఆ గళ్ళ లెక్కన ఎంత మనిషినైనా ఏనుగంత చేస్తాడట. బడి మానేసిన పిల్లలందరం రంగు డబ్బాల మూతల కోసం కొట్టుకున్నాం. నా పరికిణీకి అంటిన నీలం రంగు ఉతికినా పోలేదు, నేను పోనివ్వనూ లేదు.

బొమ్మలో ఏముండాలో తేలిగ్గానే తేలింది. మండే కొలిమి, దాగలి, దాని ముందు సమ్మెట ఎత్తిన మూలపురుషుడు. కొలిమి రెండు రోజుల్లో మండింది. దారిన పోయే ఎడ్లు ఆ మంట చూసి బెదిరి పక్కకి జరిగాయంటే నేను కొంచెం పెంచే చెబుతున్నాను గానీ, ఒక ఎద్దు మాత్రం నిజంగానే జరిగింది. అసలు పేచీ మూలపురుషుడి ముఖం దగ్గర మొదలైంది. ఆ తాతల కాలంలో మా వాళ్ళెవరికీ ఫొటోలు లేవు. వీధికి మొదటి కమ్మరి తమ తాతేనని ప్రతి ఇంటికీ నమ్మకం.

ఎదురింటి పెదతాత వాళ్ళ తాతకి కోరమీసాలట. వాటికి నిమ్మకాయలు వేలాడదీసినా ఒరిగేవి కావట. పెయింటరు గారు పొద్దున మీసం పెట్టారు. మధ్యాహ్నం మలుపింటి బాబాయి వచ్చి, నిప్పురవ్వలు ఎగిరే చోట మీసం నిలుస్తుందా, మా తాతకి ఎప్పుడూ నున్నటి మూతే అన్నాడు. మీసం చెరిగిపోయింది. సాయంత్రానికి పెదతాత కర్ర పుచ్చుకుని వస్తే మళ్ళీ మొలిచింది. ఒకరు ముక్కు పొడుగన్నారు, ఒకరు బుగ్గ మీద పుట్టుమచ్చ అన్నారు. పెయింటరు గారి చెయ్యేమో సినిమా చెయ్యి, ఎవరెన్ని చెప్పినా నుదుటి మీద ఒక ఉంగరాల జుట్టు పాయ వచ్చి పడేది. అలా వేసి, చెరిపి, వేసి, ఆ ముఖం మీద రంగు దిబ్బరొట్టె మందాన పేరుకుంది. గోడకి గవదబిళ్ళలు వచ్చినట్టుంది.

దసరా దగ్గరపడింది. సబ్బుల కంపెనీ మనిషి టేపు పట్టుకుని గోడ చివర నిలబడుతున్నాడు. ఆ రోజు పెదతాతా మలుపింటి బాబాయీ పరంజా కిందే ఒకరి తాతని ఒకరు తిట్టుకునేదాకా వచ్చింది. పెయింటరు గారు మారు మాట్లాడకుండా దిగి, కుంచెలు కిరసనాయిలులో కడగడం మొదలుపెట్టారు. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానన్నారు. తాతయ్య గోడకి ఎదురుగా అరుగు మీద కూర్చుని, ఎటు చూడాలో తెలియనివాడిలా తల కాసేపు అటు, కాసేపు ఇటు తిప్పుతున్నాడు.

మగవాళ్ళ పంచాయితీలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. మాట్లాడవలసి వస్తే మా వీధిలో పిల్లల చెవిలో మాట్లాడేవారు, వీధి చివరి ఇంటిదాకా వినపడేటట్టు. ఆ రోజు మా అత్త మజ్జిగ కుండతో వచ్చి నన్ను పక్కన నిలబెట్టుకుంది.

"ఏమే పిల్లా, మీ నాన్న కొలిమి దగ్గరుంటే నీకేం కనపడేది? ముఖమా? నాకైతే మా నాన్న ముఖం అన్నం తినేటప్పుడే కనపడేది. తెల్లారి లేస్తే వీపే. చద్ది పట్టుకెళ్ళినా వీపే, మంచినీళ్ళు తీసుకెళ్ళినా వీపే. ఈ వీధిలో పుట్టిన ఏ బిడ్డనైనా అడుగు. మా వాళ్ళ ముఖాలు నిప్పుకి తెలుసు, మాకు వీపులే తెలుసు."

పెదతాత తిట్టబోయిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఆయన కళ్ళు ఎటో పోయాయి, వాళ్ళ నాన్న వీపు దగ్గరికే పోయి ఉంటాయి. మలుపింటి బాబాయి తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. పెయింటరు గారు కడుగుతున్న కుంచె విదిలించి గోడవైపు తిరిగారు. మూలపురుషుడు వీధివైపు వీపు పెట్టి, ముఖం కొలిమివైపు తిప్పుకుని నిలబడితే మీసమూ లేదు, పుట్టుమచ్చా లేదు, తగువూ లేదు.

కానీ చూసి గీయడానికి ఒక వీపు కావాలిగా. ఆ మాట పెయింటరు గారి నోట్లోంచి రాగానే వీధిలోని మగవాళ్ళందరూ చొక్కాలు విప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ మొదటికొచ్చేట్టుంది. అత్త నా భుజం నొక్కి, పెయింటరు గారు పొద్దుట్నించీ ఏమీ తినలేదు, ముందు భోజనానికి రమ్మని చెప్పవే అంది. నేను చెప్పాను.

గోంగూర పచ్చడీ మజ్జిగా అయ్యాక ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చారు. నేను తిత్తి దగ్గర కూర్చున్నాను. ఒక రైతుకి ఇవ్వాల్సిన గడ్డపార కొలిమిలో కాగుతోంది. తాతయ్య చిన్న సుత్తి టక్కుమంది. అత్త చీర బిగించి, సమ్మెట ఎత్తింది. పెయింటరు గారు చెంబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు, నీళ్ళు ఆయన కాళ్ళ మీద పోతున్నా తెలియలేదు. ఆయనకి కనపడుతున్నది వీపు. చెమటకి అంటుకుపోయిన చొక్కా కింద భుజాలు విప్పారి, ముడుచుకుని, మళ్ళీ విప్పారుతున్నాయి. రవ్వలు ఆవిడ చుట్టూ లేచి పడుతున్నాయి. నేను కూడా ఆ వీపు రోజూ చూస్తున్నదాన్నే, అయినా ఆ మధ్యాహ్నం ఇంకొకరి కళ్ళతో చూస్తున్నట్టనిపించింది. తిత్తి లాగడం మరిచిపోయాను. తాతయ్య కసిరాడు.

అత్త వెనక్కి తిరగకుండానే అంది: "పెయింటరు గారండీ, పొయ్యి దగ్గర బొగ్గుంది, గీసుకోండి. ఎవరిదని అడిగితే మాత్రం మీకు తెలీదు."

ఆయన నీళ్ళతొట్టి పక్కనున్న మట్టిగోడ మీద బొగ్గుతో గీసుకున్నారు. ఆ సాయంత్రం బస్సు బెజవాడకి ఆయన లేకుండానే పోయింది.

ఇక చూడండి ఆ రోజులు. నడుము లేచింది, భుజాలు లేచాయి, సమ్మెట గోడ పైఅంచుని తాకింది. పచ్చడి జాడీ ఎత్తుకున్న ఆడవాళ్ళు జాడీతో సహా ఆగిపోయేవారు. బస్సు డ్రైవరు మలుపులో వేగం తగ్గించేవాడు. పెదతాత రోజూ పొద్దున్నే వచ్చి, అది మా తాత వీపే, ఆ వెడల్పు ఈ జిల్లాలో ఇంకెవరికుంది అనేవాడు. ఆయన వెళ్ళాక మలుపింటి బాబాయి వచ్చి, మా తాతే, ఆ నడుం వంపు చూడు అనేవాడు. ఇద్దరూ ఒకేసారి వచ్చినా కొట్టుకోలేదు. ఎవరి తాతని వాళ్ళు చూసుకుని తృప్తిగా వెళ్ళిపోయేవారు. నేను మాత్రం కడుపులో రహస్యం పెట్టుకుని, ఉడికే అన్నం మీద మూతలా ఎగిరెగిరి పడుతుండేదాన్ని. అత్త ఎదురైతే కళ్ళతోనే మూత నొక్కేది.

ఆయుధపూజ నాటి పొద్దున పరంజా విప్పారు. వీధి వీధంతా గోడ ముందుంది. కామందు గారు వచ్చారు, ఆయన వెనకాలే సబ్బుల కంపెనీ మనిషీ వచ్చాడు. కర్రలన్నీ తీసేశాక మొదటిసారి బొమ్మ నిండుగా కనపడింది. అందరం నోళ్ళు తెరిచాం. అప్పుడు పెదతాత కర్రతో పైకి చూపించి, సమ్మెట ఎడమ భుజం మీంచి లేస్తోందేమిటి అని అడిగాడు.

మా అత్తది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నం దగ్గర వాతలు పెట్టి కుడిచేతికి మార్పించారు గానీ, తడిక వెనక సమ్మెట పట్టాక ఆ చేతిని ఆపినవాళ్ళు లేరు. ఎవరి తాతరా ఎడమచేతివాడు అని ఒకరు, మా వంశంలో లేరని ఒకరు, అయితే మరి ఇదెవరని ఇంకొకరు. ఆ చివరి ప్రశ్న ఇంకొక్క అడుగు వేస్తే మా తడిక దగ్గరికొచ్చి ఆగుతుంది. కామందు గారు విసుగ్గా, తేల్చుకోండి, లేకపోతే ఇప్పుడే సున్నం కలపమంటాను అన్నారు. అరుగు మీద తాతయ్య చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు.

అత్త నా జబ్బ గిల్లింది. "ఏమే, ఎడమ పక్కనుంచి ఎందుకు కొట్టేవారో తాతయ్య నీకు చెప్పలేదూ? పెద్దవాళ్ళు అడుగుతున్నారు, చెప్పు మరి."

తాతయ్య అలాంటిదేమీ చెప్పలేదు. అత్త ముఖం చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు, గోడ వైపు చూస్తోంది. ఆ బొమ్మ మీద సున్నం పడితే ఆవిడకి ఏమవుతుందో, తాతయ్యకి ఏమవుతుందో నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఎక్కడినుంచి వచ్చిందో గానీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"మరేమో, పూర్వం మన వీధిలో అందరూ కుడి పక్కనుంచే కొట్టేవారంట. కొట్టగా కొట్టగా దాగళ్ళన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయంట. వాటితో పాటు వీధి కూడా ఒరిగిపోయి కాలవ నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేశాయంట. అప్పుడేమో ఆయుధపూజ ముందు రోజు అందరూ ఎడమ పక్కనుంచి కొట్టి వీధిని సరిచేసేవారంట. ఈ బొమ్మ ఆ రోజుదంట."

కామందు గారు పెదతాత వైపు చూశారు. పెదతాత నా వైపు చూశాడు. నేను పరికిణీ అంచు నోట్లో పెట్టుకున్నాను.

"పిల్లకి సగమే తెలుసు," అన్నాడు పెదతాత. "అందరూ కాదు. మా తాత ఒక్కడే కొట్టేవాడు. మిగతావాళ్ళు వీధి పట్టుకునేవారు."

మలుపింటి బాబాయి ఊరుకుంటాడా? పట్టుకుంటే సరిపోదనీ, వీధి ఆ చివర పైకి లేవకుండా వాళ్ళ తాత దాని మీద కూర్చునేవాడనీ చెప్పాడు. ఇంకొకాయనకి ఒరిగిన వీధిలో దొర్లిపోయిన పనసకాయ గుర్తొచ్చింది. చూస్తుండగానే ఇంటికో ఎడమచేతి తాత పుట్టుకొచ్చాడు. పెయింటరు గారు దగ్గు వచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కామందు గారు నవ్వేశారు. సబ్బుల కంపెనీ మనిషి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు, వెళ్ళిపోకుండా ఆ పనసకాయ ఏమైందని అడుగుతూ అక్కడే నిలబడ్డాడు.

ఇళ్ళల్లోంచి సుత్తులూ పట్టుకార్లూ తెచ్చి గోడ కింద వరసగా పెట్టారు. బంతిపూలు కట్టారు. పెదతాత నిచ్చెనెక్కి ఆ సమ్మెటకి పసుపు రాసి బొట్టు పెట్టి హారతిచ్చాడు. మా వీధి మగవాళ్ళందరూ ఆ వీపుకి వంగి దణ్ణం పెట్టారు. అత్త కూడా వాళ్ళ మధ్యలో చేతులు జోడించి నిలబడింది. పెదవులు బిగించింది గానీ భుజాలు కదులుతున్నాయి. కళ్ళలో నీళ్ళున్నాయి, అవి నవ్వు ఆపుకోవడం వల్ల వచ్చినవో కాదో నాకిప్పటికీ తెలీదు.

జనం పలచబడ్డాక నేనూ అత్తా తాతయ్యని గోడ దగ్గరికి నడిపించాం. ఆయన ముక్కు గోడకి ఆనేంత దగ్గరికి వెళ్ళి, తరవాత వెనక్కి వెనక్కి వచ్చి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. చూస్తున్నాడనడానికి గుర్తుగా ఆయన చెయ్యి చిన్న సుత్తి పట్టుకున్నట్టు గాలిలో కదులుతోంది. మళ్ళీ దగ్గరికెళ్ళి, బొమ్మ మడమని అరచేత్తో తడిమాడు.

"పాదం ఇంకాస్త వెనక్కి వెయ్యమని దీనికి ఎన్నాళ్ళుగా చెబుతున్నాను," అన్నాడు.

అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడు కొలిమి దగ్గర సమ్మెట ఎత్తేముందు ఆవిడ పాదం కాస్త వెనక్కి వేయడం నేను తిత్తి దగ్గరనుంచి చూశాను.

అప్పటినుంచీ నేను చెప్పే కథలన్నీ అలాగే అయ్యాయి. మనిషిని తెస్తాను, నిప్పు ముందు నిలబెడతాను, ముఖం మాత్రం చూపించను. వినేవాళ్ళలో ఎవరో ఒకరు లేచి అది మా తాతే అంటారు, ఇంకొకరు మా నాన్నే అంటారు. నేను కాదనను, పిల్లకి సగమే తెలుసన్నట్టు తల ఊపుతాను. కానీ కథ చెబుతున్నంతసేపూ గుంపులో వెతుకుతూనే ఉంటాను. ఆ వీపు నిజంగా ఎవరిదో ఆ మనిషి కూడా అక్కడే ఎక్కడో చేతులు కట్టుకుని, పెదవి బిగించి, నవ్వు ఆపుకుంటూ ఉంటుందని నా నమ్మకం. కళ్ళు కలిస్తే నేనూ చెప్పను, ఆవిడా చెప్పదు.